బావ రంగు వేసిన వంతెన

మా బావ కృష్ణలో పడిపోయాడన్న కబురు వచ్చిన పొద్దున మేము ఇంటి ముందర కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు వొలుస్తున్నాం. ఆషాఢం సగమైపోయింది. దున్ని పెట్టిన చేను అలాగే ఎండుతోంది. పడుతుందన్న నమ్మకం పెద్దగా లేకపోయినా, వాన పడిన పూటే విత్తాలి కాబట్టి వొలవడం మాత్రం మానలేదు. అత్త, అక్క, నేను. అక్క అంటే నా తోడికోడలు, బావ భార్య. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి కొన్నేళ్లే అయింది. మాది మంగళవాడ దగ్గర చిన్న పల్లె. పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా మా ఇళ్లలో మాటలు తెలుగు, బళ్లో చదువు కన్నడం.

బావ మంచి పొడగరి. చింతచెట్టు చిటారు కొమ్మ మీద నిలబడి, చేత్తో ఏమీ పట్టుకోకుండా, కాలితో కొమ్మను ఊపి కాయలు దులిపేవాడు. చూసేవాళ్లకు గుండె జారేది గానీ ఆయనకు ఏమీ అనిపించేది కాదు. ఆ ధైర్యమే ఆయనను వంతెన దాకా తీసుకుపోయింది. ముందటి ఏడు వేరుశనగ బాగా మొలిచి, పూతకొచ్చి, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. పీకితే మొక్కకు ఒకటి రెండు తాలు కాయలు. ఎద్దులకు మేత కూడా సరిగా రాలేదు. ఆ ఎండాకాలం అరసికెరె ఊరి మనిషి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఏటా మేస్త్రీల వెంట పోయి ఇనుప వంతెనలకు రంగులు వేసే మనిషి. ఎత్తుకు భయపడనివాళ్లు కావాలన్నాడు. బావ ఒక్క మాటతో బయలుదేరాడు. వాన పడే నాటికి వచ్చేస్తానని అక్కతో చెప్పి పోయాడు.

ఆ అరసికెరె మనిషే కబురు తెచ్చాడు. వాకిట్లో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, చంకలోని మూటను చేతుల్లోకి తీసుకున్నాడు. లుంగీలో చుట్టిన బావ చెప్పులు అవి. పైకి ఎక్కేటప్పుడు చెప్పులు కింద విడిచి పోతారట.

"అమ్మా, నీ కొడుకు ఏట్లో పడిపోయినాడమ్మా" అన్నాడు అత్తతో.

అత్త చేతిలో కాయ అలాగే ఉంది. "ఏ ఏట్లో?" అంది.

"కృష్ణలో."

"పడితే లేపలేదా మీరు?"

ఆయన చెప్పుల మూటను అత్త ముందర పెట్టాడు. అక్క చాటను పక్కకు జరిపి లేచి నిలబడింది.

అత్త అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మాకు తెలిసిన ఏరు పినాకిని. అది ఏరన్న మాటే గానీ అంతా ఇసుకే. ఎండాకాలం మేము అందులో చేతులతో గుంట తవ్వి, చెలమలో ఊరిన నీళ్లను చిప్పతో బిందెకు ఎత్తుకునేవాళ్లం. ఏట్లో పడినవాడు దులుపుకుని లేస్తాడు. పిల్లలు పడతారు, మేకలు పడతాయి. ఏట్లో పోగొట్టుకున్న కడియం కూడా ఇసుక జల్లిస్తే దొరికేది. మనిషి దొరకకుండా పోయేంత నీళ్లు ఉంటాయంటే మా బుర్రకు ఎక్కలేదు. పైగా ఆకాశం చుక్క రాల్చని ఏడు. అరసికెరె మనిషి చెప్పాడు, పడమట ఎక్కడో కొండల్లో కుండపోతగా కురిసిందట, ఆ నీళ్లు వచ్చి ఏరు ఒడ్డులు తన్నిందట. మాకు ముఖం చూపని వాన అక్కడెక్కడో కురిసి, మా మనిషిని తీసుకుపోయిందంటే ఎట్లా నమ్ముతాం?

మా ఆయన ఆ రోజే బయలుదేరి పోయాడు. అక్కడి జాలర్లతో కలిసి ఒడ్డు వెంబడి తిరిగాడట. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాడు. "నీళ్లు. యాడ జూసినా నీళ్లే."

శవం లేదు. అసలు కష్టం అక్కడ మొదలైంది. దాయాదులు వచ్చి కర్మ చేసేయమన్నారు. అత్త ఒప్పుకోలేదు. "కండ్లతో జూడని చావుకు నేను నా కొడుకును చంపుకోను" అంది. ఇంతలో ఎవరో బళ్లారి బస్టాండులో బావను చూశామన్నారు. వేరే ఆమెతో ఉన్నాడన్నారు. చూసినవాళ్లెవరని అడిగితే, ఇంకెవరో చెప్పారన్నారు. ఆ మాట విన్న రోజు అత్త ముఖం వెలిగింది. కొడుకు చెడిపోయాడన్న మాటకు సంతోషపడిన తల్లిని నేను ఆ ఒక్కసారే చూశాను.

అక్క ఎటూ కాకుండా పోయింది. నుదుట బొట్టు పెట్టుకుంటే ఊళ్లో ఆడవాళ్లు తేరిపార చూసేవాళ్లు. పెట్టుకోకపోతే అత్త కోప్పడేది. మా వీధిలో ఒక పిల్లకు సీమంతం చేశారు. అక్క వెళ్లింది. ముత్తైదువలు కూర్చున్న చాప మీద ఒక అంచున కూర్చుంది. పసుపు కుంకుమ పళ్లెం తన దాకా వస్తుండగా లేచి గోడ పక్కన నిలబడింది. పళ్లెం దాటిపోయాక మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంటికొచ్చాక నాతో అంది, "యాడ కూర్చోవల్లనో నాకు తెలీలేదు మే."

ఆ మరుసటి రోజే మా ఆయనతో చెప్పింది, "నేను పోయి జూసొస్తా."

"ఆడేముండాది వదినా జూడ్డానికి?" అన్నాడాయన.

"నువ్వు జూసినావు కదప్పా. నేను జూడొద్దా?"

అరసికెరె మనిషి పని మళ్లీ మొదలైందేమో చూడ్డానికి పోతున్నాడని తెలిసి, మా ఆయన మమ్మల్ని ఆ మనిషి వెంట పంపడానికి ఒప్పుకున్నాడు. అక్కకు తోడు నేను. అక్క కూతురు చిన్నది, దాన్ని నానమ్మ దగ్గర వదిలాం. బయలుదేరే ముందు మా ఆయన నన్ను దొడ్లోకి పిలిచి మెల్లగా చెప్పాడు. "వంతెన మీద వదిన చెయ్యి మాత్రం వదలొద్దు." ఆయన ఏం భయపడుతున్నాడో నాకు అర్థమైంది.

అత్త జొన్న రొట్టెలు, వేరుశనగ పొడి కట్టి ఇచ్చింది. ఆ మూట మీద ఉతికి మడత పెట్టిన పంచె ఒకటి పెట్టింది. "వాడు కనపడితే ఇయ్యి. ఏం కట్టుకొని తిరుగుతాండాడో ఏమో" అంది. అక్క ఆ పంచెను సంచిలో పెట్టుకుంది.

బస్సులు మారి మారి పోయాం. బళ్లారి దాటిన తర్వాత నేల నల్లగా మారింది. అంత నల్లటి నేలను నేను అంతకు ముందు చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం బస్సు వంతెనకు ఇవతలే ఆగింది. దిగగానే మొదట వినిపించింది చప్పుడు. ఎక్కడో మిషన్ ఆడుతున్నట్టు, ఎడతెగకుండా. ఏం మిల్లు అని అడిగాను. "మిల్లు కాదమ్మా, ఏరు" అన్నాడు అరసికెరె మనిషి.

కట్ట ఎక్కి చూశాం. ఎర్రటి నీళ్లు. అవతలి ఒడ్డున ఉన్న మనుషులు చీమల్లా ఉన్నారు. చెట్టు ఒకటి వేళ్లతో సహా కొట్టుకొస్తోంది. అది మా కళ్ల ముందే వంతెన కింద దూరి అవతల తేలి, చూస్తుండగానే కనిపించకుండా పోయింది. అక్క ఆ చెట్టు పోయిన వైపే చాలాసేపు చూసింది. నీళ్లు నిలబడి ఉండి నేనే కదిలిపోతున్నట్టు అనిపించి కింద కూర్చుండిపోయాను.

"ఇదంతా నీళ్లేనా?" అంది అక్క, ఎవరినీ చూడకుండా.

వంతెన తెల్లదొరల కాలంలో కట్టినదట. ఇంత ఎత్తున ఇనుమంతా అల్లిక అల్లినట్టు ఉంది. మధ్యలో లారీలు, బస్సులు పోయే రోడ్డు, పక్కన మనుషులు నడవడానికి సన్నటి దారి. సగం దాకా కొత్త రంగు మెరుస్తోంది. మిగతా సగం తుప్పు పట్టి ఉంది. వరద వల్ల పని ఆపేశారని, తగ్గితే మళ్లీ మొదలవుతుందని చెప్పాడాయన. ముందు ఆయన, వెనక అక్క, ఆమె చెయ్యి పట్టుకుని నేను, ఆ సన్న దారిలో నడిచాం.

ఏటి నడుమకు వచ్చేసరికి ఎదురుగా ఒక లోడు లారీ వచ్చింది. కాళ్ల కింద ఇనుము ఒక్కసారి పైకి లేచి కిందికి దిగినట్టయింది. నేను అరిచాను. అక్క దారి పక్కనున్న ఇనుప కటకటాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఇది కదుల్తాండాది" అంది.

"కదుల్తాదమ్మా. అట్లే కట్టినారు దీన్ని" అన్నాడాయన. వెనక్కి తిరిగి, నీళ్లలోంచి లేచిన రాతి స్తంభాలను చూపించాడు. "ఆ స్తంభం మీద నుంచి ఇనుము రెండు పక్కలకూ చేతులు చాపినట్ల వస్తాది. అవతలి స్తంభం నుంచీ అట్లే వస్తాది. ఈ చెయ్యి ఆ చెయ్యికి తగలదు. నడాన తావు వదిలి, ఆ తావులో ఇంకో తునక పెట్టినారు. దానికి కింద ఏ ఆధారమూ లేదు. రెండు చేతుల కొసల మీద ఆనుకొని ఉండాది. మనం ఇప్పుడు ఆ తునక మీదనే నిలబడినాం. బరువు బండి వస్తే ఈ అతుకు కాడ ఎగుర్తాది."

"ఆయప్ప యాడుండె?" అని అడిగింది అక్క.

ఆయన కటకటం మీదుగా వంగి వేలితో చూపించాడు. రోడ్డుకు కింద, అతుకు పక్కన, కొత్త రంగు ఆగిపోయిన చోటు. ఇద్దరు మనుషులు పట్టే పలకను మోకులతో వేలాడదీసి, దాని మీద కూర్చుని తుప్పు గీకి రంగు వేసేవాళ్లట.

"నేను ఈ కొసన, ఆయప్ప ఆ కొసన. నడుముకు తాడు కట్టుకుంటిమి. ఆ మూల చెయ్యి అందలేదని ఆయప్ప తాడు ఇప్పినాడు. వద్దప్పా అన్నా. ఒక్క నిమిషమే కదా అన్నాడు. పైన లారీ వచ్చింది."

అక్క ఆ రంగు చోటు మీది నుంచి చూపు తిప్పలేదు. కాసేపటికి అడిగింది, "అప్పుడు ఏం మాట్లాడతాండె?"

నేను ఊహించిన ప్రశ్న అది కాదు.

"వాన మాటేనమ్మా. పొద్దున లేస్తానే మన పక్కకు చూసేవాడు. ఆ రోజు తెల్ల మబ్బులు పోతాంటే, ఇవి మా చేని మీదికే పోతాండాయి అని నవ్వినాడు. వచ్చే వారం పోయి శెనక్కాయ ఇత్తల్ల అన్నాడు. అదే ఆఖరు."

"అరిచినాడా?"

"లేదమ్మా."

"ఈత కొట్టల్లని చూసినాడా?"

"ఒక తూరి చెయ్యి పైకొచ్చింది. అంతే." ఆయన అతుకు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. "నేను దూకలేదమ్మా. నాకూ ఈత రాదు. మనోళ్లు ఎవురికీ రాదు. నేర్చుకోడానికి మనకు నీళ్లు యాడుండాయి?"

ఇన్నాళ్లూ ఆ మాట గుండెలో పెట్టుకుని తిరుగుతున్నాడని చూస్తేనే తెలిసింది. మా ఇంటి వాకిట్లో ఆ రోజు కూర్చోలేకపోయింది అందుకేనేమో.

అక్క ఆయన వైపు తిరిగింది. "నువ్వు దూకింటే మీ ఇంటి ఆడమనిషి కూడా ఈడికొచ్చి నిలబడల్ల. దూకకుండా మంచి పని చేసినావు" అంది. ఆయన తుండుగుడ్డతో ముఖం కప్పుకుని అవతలికి నడిచి పోయాడు.

ఇద్దరమే మిగిలాం. నేను ఆమె చేతిని ఇంకా బిగించి పట్టుకున్నాను. అక్క నా వంక చూసి మెల్లగా అంది.

"చెయ్యి ఇడ్సు మే. నేను దూకేదానికి రాలేదు."

విడిచాను. భయంగానే విడిచాను.

అక్క తన చేతుల వంక చూసుకుంది. ఆకుపచ్చ గాజులు. పెళ్లినాడు రెండు చేతులకూ నిండుగా ఉండేవట. రెండేళ్లుగా కరువు పనుల్లో రాళ్లు మోసి ఆ చేతులు చిక్కిపోయాయి. నూనె రాయకుండానే, ఒకదాని వెనక ఒకటి, గాజులు సులువుగా జారి వచ్చాయి. ఒక్కటి కూడా చిట్లలేదు. కటకటం మీద నుంచి చెయ్యి చాచి ఒక్కొక్కటే నీళ్లలో వదిలింది. అవి నీళ్లను తాకడం కూడా మాకు కనిపించలేదు. అంత ఎత్తు. అంత హోరు.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. మెడలో తాళిని పట్టుకుని, "ఇది ఈడ గాదు. అత్త ముందర తీస్తా. ఆమె కొడుకు గదా" అంది.

కిందికి దిగాక ఒడ్డున పుట్టి పడవ బోర్లించుకుని కూర్చున్న ముసలి జాలరి దగ్గరికి పోయాం. మా ఆయనతో కలిసి వెతికినవాడు అతనే. నీళ్లు తీశాక ఇసుక తిన్నెల్లో ఏదైనా కనిపిస్తే రంగు పనివాళ్లకు కబురు చెప్తానన్నాడు. దొరుకుతాడని మాత్రం అనలేదు. అక్క ఏటి అంచున వంగి దోసిట్లో నీళ్లు పట్టుకుని తాగింది. నన్ను తాగమనలేదు. జొన్న రొట్టె ఒకటి తుంచి నీళ్లలో వేసింది. పంచె ఇవ్వడానికి మనిషి లేడు. అది సంచిలోనే తిరిగి వచ్చింది.

మేము ఇల్లు చేరేసరికి అత్త వాకిట్లో మనవరాలికి తల దువ్వుతోంది. అక్కను ఎగాదిగా చూసి, చేతుల దగ్గర ఆగిపోయింది. దువ్వెన కింద పెట్టింది. నేను కేకలు వేస్తుందనుకున్నాను. పిల్లను పక్కకు జరిపి అడిగింది.

"జూసినావా?"

"జూసినా అత్తా."

"శానా నీళ్లా?"

"శానా."

"మన ఏరంత ఉండాదా?"

"మన ఏరు, మన చెరువులు అన్నీ కలిపినా గాదు అత్తా."

అత్త తల ఊపింది. మళ్లీ అడిగింది, "నీళ్లు ఎట్లుండాయి? సల్లగా ఉండాయా?"

"తాగినా అత్తా. సల్లగానే ఉండాయి. మట్టి వాసనొస్తాండాయి."

అత్త రెండు చేతులూ నేలకు ఆనించి, ముందుకు వంగి, అప్పుడు ఏడ్చింది. కబురు వచ్చిన నాటి నుంచీ ఆమె ఏడవడం అదే మొదలు. అక్క పక్కన కూర్చుని, మెడలోని తాళి తీసి ఆమె ఒడిలో పెట్టింది. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ నా దగ్గరికి వచ్చింది. దాన్ని ఎత్తుకుని చేని వైపు తీసుకుపోయాను.

కర్మ పినాకిని ఇసుకలో జరిగింది. దర్భలతో మనిషి బొమ్మ చేసి, అత్త ఇచ్చి పంపిన పంచెనే దానికి కట్టి, మా ఆయన నిప్పు పెట్టాడు. పద్ధతి ప్రకారం గాజులు పగలగొట్టడానికి వచ్చిన పెద్ద ఆడవాళ్లు అక్క చేతులు చూసి గొణిగారు. ఎవరిని అడిగి తీసిందని ఒకామె అత్తను నిలదీసింది. "నా కోడలు నా కొడుకు కాడికి పోయి, వాని చేతికే ఇచ్చొచ్చింది. ఇంగ మీరు ఏం పగలగొడ్తారు?" అంది అత్త. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

వాన చాలా ఆలస్యంగా వచ్చింది. ఆలస్యమైనా విత్తాం. గొర్రు వెనక గింజలు వేసింది అక్కే. పంట అంతంత మాత్రమే. అక్క పుట్టింటివాళ్లు వచ్చి పిలిచారు, పోలేదు. ఇంట్లో ఎప్పటిలాగే మాటలు, కోపాలు, సర్దుబాట్లు నడిచాయి. కొన్నాళ్లకు ఆమె నవ్వడం కూడా మొదలుపెట్టింది. మొదటిసారి నవ్విన రోజు నేను పొయ్యి దగ్గర ఉండి, ఎవరు నవ్వారా అని బయటికి వచ్చి చూశాను.

ఆ తర్వాత ఒక ఏడు మా పక్క నిజంగానే మంచి వాన పడింది. తోట బావి మెట్ల దాకా నిండింది. ఆ ఏడు అక్క తన కూతురి నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టించి, చిన్నప్పుడు వేరే ఊళ్లో ఉండి ఈత నేర్చుకున్న మా ఆయన మేనమామను బతిమాలి, పిల్లకు ఈత నేర్పించింది. ఆడపిల్లకు ఈతేంది అని కొందరు నవ్వారు. అక్క మెట్ల మీద చీర కుచ్చెళ్లు పైకి దోపి కూర్చుని, పిల్ల తల నీళ్లలో మునిగిన ప్రతిసారీ లేచి నిలబడేది. తేలాక కూర్చునేది. పిల్ల బుర్రలు లేకుండా ఈదేదాకా ఒక్క రోజు కూడా మానలేదు. నన్నూ దిగమంది. నేను మోకాళ్ల లోతు దాటలేకపోయాను.

అరసికెరె మనిషి ప్రతి ఏడూ పంట కాలంలో ఒకసారి వచ్చి పలకరించి పోయేవాడు. జాలరి నుంచి ఏ కబురూ రాలేదని మొదట్లో తనే చెప్పేవాడు. పోగా పోగా అది చెప్పడం మానేశాడు, మేమూ అడగడం మానేశాం. తొంభైలలో ఒకసారి వచ్చినప్పుడు, పాత వంతెన పక్కన సిమెంటుతో కొత్త వంతెన కట్టారని, బండ్లన్నీ దాని మీద పోతున్నాయని చెప్పాడు. అప్పటికి ఆయనకు వయసు మీద పడి, పని మానేశాడు. అక్క కల్లంలో కాయలు తూర్పారబడుతోంది. చాట ఆపకుండానే అడిగింది.

"పాతదాన్ని పడగొట్టినారా?"

"లేదమ్మా. అట్లే నిలబడుకోనుండాది. మనుషులు, గొర్లు పోతాయంతే."

"రంగేస్తారా దానికి?"

"ఎవురేస్తారమ్మా ఇంగ. తుప్పు పట్టిపోతాండాది."

అక్క చాట దించి, కొంగుతో కళ్ల మీది దుమ్ము తుడుచుకుంది.

"పోనీలే. ఎవురూ ఎక్కరు" అంది.

తర్వాత గాలి మళ్లిందని, మమ్మల్నందరినీ రాశికి ఇవతలి పక్కకు జరగమంది.